గుర్రానికి ముందు, రౌతుకి తర్వాత: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో సికింద్రాబాద్ కంటోన్మెంట్ గురించి రాసినప్పటి నుంచి ఉత్తరాలు, మెసేజీలు ఆగట్లేదు. చాలామంది అడిగింది అప్పట్లో ఇక్కడ మకాం వేసిన తెల్ల గుర్రపు సైనికుల గురించే. జనరల్స్ సంగతి కాదు, మామూలు రౌతు సంగతి చెప్పండి అన్నారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాళ్ళకే ఇచ్చేశాం.

ప్రశ్న: 1800ల్లో ఇంగ్లండ్‌లో ఒక మామూలు కుర్రాడు గుర్రపు దళంలో ఎందుకు చేరేవాడండీ? దేశభక్తా, జీతమా?

ఎక్కువమందికి ఆకలండీ. పొలంలో పని దొరక్క, మిల్లులో పని పోయి, లేదంటే ఇంట్లో గొడవపడి వచ్చేసినవాళ్ళే ఎక్కువ, కోర్టు కేసు తప్పించుకోవడానికి చేరినవాళ్ళూ ఉన్నారు. టోపీకి రంగు రిబ్బన్లు కట్టుకుని రిక్రూటింగ్ సార్జెంటు సారా దుకాణాల్లో కూర్చునేవాడు, కుర్రాడికి నాలుగు గ్లాసులు పోయించి, ఎర్ర కోటు గురించి నాలుగు గొప్పలు చెప్పి, చేతిలో ఒక షిల్లింగ్ పెట్టేవాడు. అది పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టే. పొద్దున మత్తు దిగాక వద్దనుకుంటే మేజిస్ట్రేట్ ముందు 20 షిల్లింగులు కట్టి బయటపడొచ్చు, కానీ 20 షిల్లింగులు ఉన్నవాడు అసలు అక్కడ ఎందుకుంటాడు చెప్పండి.

కాల్బలం సిపాయికి రోజుకి ఒక షిల్లింగ్, అంటే 12 పెన్నీలు అయితే గుర్రపు రౌతుకి శతాబ్దం మొదట్లో 15 పెన్నీలు. ఆ మూడు పెన్నీలు చూసి మురిసిపోనక్కర్లేదు, తిండికింత, బట్టలు ఉతికించినందుకింత, బ్రష్షులకీ పాలిష్‌కీ ఇంత అని కోసేయగా చేతికి వచ్చేది చిల్లరే. పైగా 1847 దాకా చేరడమంటే దాదాపు జీవితాంతం చేరడమే. ఆ ఏడు వచ్చిన చట్టం కాల్బలానికి 10 ఏళ్ళు, గుర్రపు దళానికి 12 ఏళ్ళు అని గడువు పెట్టింది. రౌతుకి రెండేళ్ళు ఎక్కువ ఎందుకంటే తుపాకీ పట్టడం నేర్పినంత తొందరగా గుర్రం మీద కూర్చోవడం నేర్పలేరు కాబట్టి. 1870లో మంత్రి కార్డ్‌వెల్ తెచ్చిన మార్పుతో కొన్నేళ్ళు కొలువులో, మిగతా ఏళ్ళు ఇంటి దగ్గర రిజర్వులో అనే పద్ధతి వచ్చింది, అప్పటికి గానీ కొంచెం మంచి కుటుంబాల పిల్లలు అటు చూడలేదు.

ప్రశ్న: సినిమాల్లో ఎప్పుడూ కత్తి తీసి దూసుకెళ్ళడమే చూపిస్తారు. నిజంగా వాళ్ళ రోజు ఎలా గడిచేది?

మంచి ప్రశ్న. కొన్ని రెజిమెంట్లలో రౌతు చేరిన దగ్గర నుంచి పింఛను దాకా ఒక్క అసలు యుద్ధం కూడా చూడకుండానే వెళ్ళిపోయేవాడు, కానీ లాయం చూడని రోజంటూ ఉండేది కాదు. పొద్దున్నే ట్రంపెట్ మోగగానే మొహం సరిగ్గా కడుక్కోకముందే లాయానికి పరిగెత్తాలి. రాత్రి గుర్రం కింద పరిచిన గడ్డిలో తడిసినది వేరు, పొడిది వేరు చేయాలి, లద్ది ఎత్తాలి, దీనికి చాలాచోట్ల పార కూడా ఇచ్చేవాళ్ళు కాదు, చేతులే. తర్వాత గడ్డిని చుట్టలా మెలిపెట్టి గుర్రాన్ని మెడ నుంచి గిట్టల దాకా చెమట పట్టేలా మాలీసు చేయాలి, చెమట గుర్రానికి కాదు మనిషికి. నీళ్ళు పట్టి, దాణా పెట్టి, సార్జెంటు వచ్చి గుర్రం వెంట్రుకల్లో వేలు దూర్చి దుమ్ము తగలకపోతేనే రౌతుకి టిఫిను. ఇదే తంతు మళ్ళీ మధ్యాహ్నం, మళ్ళీ సాయంత్రం. మధ్యలో జీను తోలు రుద్దడం, కళ్ళెం ఇనుము మెరిపించడం, తెల్ల బెల్టులకి సుద్ద పూయడం, అవి రేపటికి మళ్ళీ పాడవుతాయి అనుకోండి.

ఇంగ్లండ్‌లో గుర్రానికి రోజు రేషను 10 పౌండ్ల ఓట్లు, 12 పౌండ్ల ఎండుగడ్డి, పడుకోవడానికి 8 పౌండ్ల గడ్డి. మనిషికి ఒక పౌండు రొట్టె, ముప్పావు పౌండు మాంసం, అంటే ఓ 340 గ్రాములు, అదీ ఎముకతో కలిపి తూచినది, ఎముక తీసేస్తే ఎంత మిగులుతుందో అది ఎవరి అదృష్టం వాళ్ళది. సాయంత్రం మూడో భోజనం కావాలంటే సొంత డబ్బులే.

కొత్తవాడికి రైడింగ్ స్కూలు అంటే నరకం. నెలల తరబడి రికాబులు లేకుండా గుర్రాన్ని దౌడు తీయించేవాళ్ళు, తొడలు ఒరుసుకుపోయి రక్తం వచ్చినా దిగనిచ్చేవాళ్ళు కాదు. ఒక చేత్తో పగ్గాలు, ఇంకో చేతిలో కత్తి, మోకాళ్ళతోనే గుర్రాన్ని తిప్పడం వచ్చేదాకా వాణ్ణి రౌతు అనేవాళ్ళు కాదు.

గుర్రం లెక్క ఎంత పక్కాగా ఉండేదో ఒక వస్తువు చెబుతుంది. లాడాలు కొట్టే ఫారియర్ దగ్గర ఒక గొడ్డలి ఉండేది, ఒకవైపు పదును, ఇంకోవైపు మేకులాంటి మొన. గాయపడి ఇక లేవదనుకున్న గుర్రాన్ని మొనతో తల మీద కొట్టి చంపేవాడు, తర్వాత పదునువైపుతో గిట్ట నరికి తెచ్చేవాడు. ఎందుకంటే గిట్ట మీద నంబరు కాల్చి వేసి ఉండేది, సర్కారు గుర్రాన్ని అమ్ముకుని చచ్చిపోయిందని చెప్పే అవకాశం లేకుండా గిట్టే రుజువు! లండన్‌లో రాజుగారి ఊరేగింపులో ఇప్పటికీ రాజుగారి గుర్రపు దళం ఫారియర్లు ఆ గొడ్డలి పట్టుకునే కనిపిస్తారు, చూసేవాళ్ళలో చాలామందికి అది అలంకారం అనే లెక్క.

ప్రశ్న: ఇంగ్లండ్ నుంచి గుర్రాల్ని కూడా ఓడల్లో ఇక్కడికి తెచ్చేవాళ్ళా?

ఇండియాకి బదిలీ అయిన రెజిమెంట్లు మామూలుగా తెచ్చేవి కాదు. గుర్రాల్ని అక్కడే వదిలేసి మనుషులు మాత్రమే ఓడెక్కేవాళ్ళు. 1869లో సూయెజ్ కాలువ తెరవకముందు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి, తెరచాప ఓడలో నాలుగైదు నెలలు పట్టేది. ఇక్కడ దిగాక అప్పటిదాకా ఉన్న రెజిమెంటు వదిలిపోయిన గుర్రాలో, కొత్తగా కొన్నవో ఇచ్చేవాళ్ళు. మొదట్లో అరబ్బీ గుర్రాలు, పర్షియా వైపు నుంచి వచ్చినవి, 1840ల తర్వాత ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్ నుంచి ఓడల్లో వచ్చేవి పెరిగాయి, వాటినే వేలర్లు అనేవాళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీకి హోసూరులో గుర్రాల డిపో ఉండేది. ఇక్కడ ఓట్లు ఎక్కడివి, మన దక్షిణాదిలో ఉడకబెట్టిన ఉలవలే దాణా.

అసలు మార్పు రౌతు జీవితంలో వచ్చింది. ఇంగ్లండ్‌లో లద్ది ఎత్తినవాడికి ఇక్కడ గుర్రాన్ని చూసుకునే సైసు ఉన్నాడు, రోజూ పచ్చగడ్డి కోసి తెచ్చే గడ్డివాడు వేరే ఉన్నాడు, వంటవాడు, చాకలి, పడుకుని ఉండగానే గడ్డం గీసే మంగలి. అందుకే ఒక రెజిమెంటు కదిలిందంటే సైనికుల కంటే వెనకాల నడిచే మనవాళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువ, వాళ్ళ పేర్లు మాత్రం ఏ పతకాల జాబితాలోనూ ఉండవు. ఎండాకాలం పొద్దున పరేడు అయిపోతే సాయంత్రం దాకా బ్యారక్‌లో పడుకోవడమే, చేసే పని లేక సారా, సారా వల్ల గొడవ, గొడవ వల్ల శిక్ష.

కానీ సుఖం అనుకునేరు. 1863లో రాయల్ కమిషన్ తేల్చిన లెక్క ప్రకారం ఇండియాలో తెల్ల సైనికుల్లో ఏడాదికి వెయ్యికి 69 మంది చనిపోయేవాళ్ళు, చంపింది ఎక్కువగా కలరా, జ్వరాలు, విరేచనాలు, కాలేయం జబ్బులు, అంతేగానీ కత్తులు కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆ లెక్కలన్నీ పట్టుకుని ఏళ్ళ తరబడి వెంటపడింది, మురుగు కాలువలు, మంచినీళ్ళు, గాలాడే బ్యారక్‌లు కట్టండి అని.

ప్రశ్న: తప్పు చేస్తే కొరడాతో కొట్టి చంపేసేవాళ్ళని విన్నాను. నిజమా?

నిజం. అందరికీ తెలిసిన కేసు గుర్రపు దళానిదే. 1846లో లండన్ దగ్గర హౌన్‌స్లో బ్యారక్స్‌లో 7వ హుస్సార్స్ (హుస్సార్స్, లాన్సర్స్, డ్రగూన్స్ అన్నీ గుర్రపు రెజిమెంట్ల రకాలే) రౌతు ఫ్రెడరిక్ జాన్ వైట్ తాగిన కోపంలో సార్జెంటుని ఇనప కడ్డీతో కొట్టాడు. శిక్ష 150 కొరడా దెబ్బలు, తొమ్మిది తోకల కొరడాతో. కాల్బలంలో ఈ పని డ్రమ్మర్లది, గుర్రపు దళంలో లాడాలు కొట్టే ఫారియర్లది, వాళ్ళ చేతి బలం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. ఇంచుమించు నెల తిరక్కుండా వైట్ చనిపోయాడు. సైన్యం డాక్టర్లు దీనికీ దెబ్బలకీ సంబంధం లేదన్నారు. కానీ థామస్ వేక్లీ అని ఒక కరోనర్, అంటే అనుమానపు చావుల్ని విచారించే అధికారి, ఆయనే స్వయంగా డాక్టరు, ది లాన్సెట్ వైద్య పత్రిక పెట్టిన మనిషి, ఒప్పుకోలేదు. శవాన్ని మళ్ళీ పరీక్ష చేయించి జ్యూరీ చేత దెబ్బల వల్లే పోయాడని తీర్పు చెప్పించాడు. పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. ఆ గోలతో గరిష్ఠంగా 50 దెబ్బలే అని తగ్గించారు, 1868లో శాంతికాలంలో కొరడా ఆపేశారు, 1881లో పూర్తిగా తీసేశారు. పారిపోయి దొరికినవాడి ఒంటి మీద సూదులతో డి అక్షరం పొడిచే పద్ధతి 1871 దాకా ఉంది.

ప్రశ్న: లైట్ బ్రిగేడ్ ఆరువందల మంది గురించి స్కూల్లో పద్యం చదివాం. అసలు ఏం జరిగింది? బతికినవాళ్ళు ఏమయ్యారు?

1854 అక్టోబరు 25, రష్యాతో యుద్ధంలో క్రిమియాలోని బలక్లావా. బ్రిటిష్ సేనాధిపతి లార్డ్ రాగ్లన్ కొండ మీద ఉన్నాడు, రష్యన్లు పక్క గుట్టల మీద దొరికిన ఫిరంగుల్ని లాక్కుపోతుండటం ఆయనకి కనిపిస్తోంది. గుర్రపు దళం త్వరగా ముందుకెళ్ళి ఆ ఫిరంగులు పోకుండా ఆపమని చీటీ రాయించి కెప్టెన్ నోలన్‌తో పంపాడు. కింద లోయలో ఉన్న గుర్రపు దళాల అధిపతి లార్డ్ లూకన్‌కి ఆ గుట్టలు కనపడవు. ఏ ఫిరంగులు అని అడిగితే నోలన్ లోయ చివర వైపు చెయ్యి ఊపాడంటారు, అక్కడ ఉన్నది రష్యన్ల ప్రధాన ఫిరంగుల వరస. లూకన్‌కీ, లైట్ బ్రిగేడ్ నడిపే కార్డిగన్‌కీ, బావా బావమరుదులే, ఏళ్ళుగా పడదు, ఒకర్ని ఒకరు నిలబెట్టి ఇంకో ప్రశ్న వేసుకునే పరిస్థితి లేదు. దాదాపు 670 మంది రెండు కిలోమీటర్ల లోయలో మూడువైపుల నుంచి ఫిరంగులు పేలుతుంటే వెళ్ళారు. నోలన్ మొదట్లోనే పోయాడు. మొత్తం 20 నిమిషాల్లో అయిపోయింది, 110 మందికి పైగా చచ్చిపోయారు, అంతకంటే ఎక్కువమంది గాయపడ్డారు, 60 మంది దాకా పట్టుబడ్డారు, గుర్రాలు మూడువందలకు పైగా పోయాయి. ఆ రాత్రి కార్డిగన్ రేవులో ఉన్న తన సొంత పడవలో స్నానం చేసి, భోంచేసి పడుకున్నాడు.

నన్నడిగితే అసలు ఘోరం ఆ తర్వాత చలికాలం. దాణా రేవులోనే కుళ్ళుతోంది, పైన శిబిరానికి దారి మోకాలి లోతు బురద, మోసుకొచ్చే బండ్లు లేవు. ఫిరంగుల్లోంచి బతికొచ్చిన గుర్రాలు ఆకలికి ఒకదాని తోక ఇంకోటి కొరుక్కుతిన్నాయి, చాలావరకు మంచులోనే పడిపోయాయి. దీని మీద పద్యం ఎవరూ రాయలేదు.

బతికినవాళ్ళలో కొందరికి విక్టోరియా క్రాస్ వచ్చింది, దానికి ఏడాదికి 10 పౌండ్ల భత్యం. ఇంకొందరు పింఛను సరిపోకో, అసలు పింఛనే లేకో అనాథ శరణాలయాల్లాంటి వర్క్‌హౌసుల్లో చేరారు. 1890లో ఇది బయటికొచ్చి దేశమంతా సిగ్గుపడి చందాలు ఎత్తింది. ఆ చందా కోసం ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మీద రికార్డింగులు చేశారు, 17వ లాన్సర్స్ ట్రంపెటర్ లాండ్‌ఫ్రీ ముందు తన పేరు చెప్పి, నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధంలో మోగించిన బ్యూగిల్ మీద దాడి పిలుపు ఊదాడు. గరగరలాడుతూ ఉన్నా ఆ మాట, ఆ బ్యూగిల్ మోత ఇప్పటికీ ఇంటర్నెట్‌లో వినొచ్చు, వెతకండి. ఆఖరుగా మిగిలిన ఎడ్విన్ హ్యూస్ 13వ లైట్ డ్రగూన్స్ మనిషి, 96 ఏళ్ళ వయసులో 1927లో పోయాడు.

ప్రశ్న: నిజాం రౌతుల కత్తులు చూసి తెల్లవాళ్ళు ఆశ్చర్యపోయారని మా తాతగారు చెప్పేవారు. ఆధారం ఉందా?

ఉందండీ, చెప్పింది ఎవరో కాదు, పైన చెప్పిన నోలనే. బలక్లావాకి ముందు ఆయన 15వ హుస్సార్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేశాడు. 1853లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతి రాశాడు. నిజాం గుర్రపు దళం రోహిల్లాలతో తలపడినప్పుడు తలలూ చేతులూ తెగిపడిన తీరు వైద్యుడి రిపోర్టులో చదివి, ఈ కత్తులేవో ఏ డమాస్కస్ ఉక్కువో అనుకుని చూడ్డానికి వెళ్ళాడు. తీరా చూస్తే అవి బ్రిటిష్ డ్రగూన్లు పనికిరావని పారేసిన పాత కత్తులు! మనవాళ్ళు పిడి మార్చి, పదును పెట్టి, చెక్క ఒరలో పెట్టుకున్నారు. యుద్ధానికి తప్ప ఒరలోంచి తీసేవాళ్ళు కాదు. బ్రిటిష్ రౌతు కత్తికి ఇనప ఒర, ప్రతి పరేడులో తీయడం పెట్టడం, గుర్రం నడిచినప్పుడల్లా లోపల రాసుకుని అంచు మొద్దుబారిపోయేది. మీవాళ్ళకి కత్తి ఎలా కొట్టాలో ఏం నేర్పుతారని ఒక ముసలి రౌతుని అడిగితే, ఏమీ నేర్పం దొరా, పదునున్న కత్తి ఎవడి చేతిలో అయినా తెగుతుంది అన్నాడట.

ఇంత స్పష్టంగా రాసినా బ్రిటిష్ సైన్యం ఆ ఇనప ఒరల్ని చాలా ఏళ్ళు వదల్లేదు. పరేడులో మెరవాలి కదా మరి.

ప్రశ్న: వేలూరు తిరుగుబాటుని అణిచింది గుర్రపు దళమేనా?

అవును. 1806 జూలై 10 తెల్లవారుజామున వేలూరు కోటలో సిపాయిలు లేచి వందకు పైగా తెల్ల సైనికుల్ని చంపారు. కబురు ఆర్కాటు చేరగానే 19వ లైట్ డ్రగూన్స్ కల్నల్ గిలెస్పీ పాతిక కిలోమీటర్ల దూరం గుర్రాల మీద పరిగెత్తించుకొచ్చాడు, గుర్రాలు లాగే చిన్న ఫిరంగులతో తలుపు పగలగొట్టి రౌతుల్ని లోపలికి తోలాడు. పట్టుబడ్డ సిపాయిల్ని వందమంది దాకా గోడకి నిలబెట్టి కాల్పించాడు కూడా, ఇంగ్లీషు చరిత్రల్లో గిలెస్పీ స్వారీకి దక్కినంత చోటు దీనికి దక్కదు.

ప్రశ్న: పెళ్ళాం పిల్లల్ని వెంట తెచ్చుకోనిచ్చేవాళ్ళా?

కమాండింగ్ ఆఫీసర్ అనుమతితో పెళ్ళి చేసుకున్న కొద్దిమందికే, వందకి ఆరుగురు అనేది మామూలు లెక్క. విదేశానికి వెళ్ళేటప్పుడు ఎవరి భార్య రావాలో చీటీలు తీసేవాళ్ళు, చీటీ రానామె రేవులో పిల్లల్ని చంకనేసుకుని ఆగిపోవడమే, మళ్ళీ మొగుణ్ణి చూసేది ఎన్నేళ్ళకో. శతాబ్దం మొదటి సగంలో బ్యారక్‌లో కాపురమంటే మగవాళ్ళంతా పడుకునే గదిలోనే ఓ మూల దుప్పటి అడ్డం కట్టుకోవడం.

ప్రశ్న: మామూలు రౌతు ఆఫీసర్ అయ్యే దారి ఉండేదా?

ఉండేది, పేరుకి. 1871 దాకా ఆఫీసర్ పదవుల్ని డబ్బిచ్చి కొనుక్కోవాలి, గుర్రపు దళంలో అన్నిటికంటే కింది ఆఫీసర్ పదవికే సర్కారు రేటు 840 పౌండ్లు, లెఫ్టినెంట్ కల్నల్ పదవి 6,175, పైన చేతులు మారేది వేరు. అమ్మకం రద్దయ్యాక కూడా మెస్ బిల్లులు, పోలో గుర్రాలు, యూనిఫాంలు కలిపి సొంత ఆస్తి లేనివాడు గుర్రపు దళం ఆఫీసర్‌గా బతకలేడు.

అయినా ఒకాయన బతికాడు. విలియం రాబర్ట్‌సన్, లింకన్‌షైర్‌లో పల్లెటూరి దర్జీ కొడుకు, పెద్దింటి నౌకరుగా పనిచేసి 1877లో 18 నిండకుండానే 16వ లాన్సర్స్‌లో చేరాడు. వాళ్ళమ్మ, నువ్వు ఎర్ర కోటు వేసుకోవడం కంటే నిన్ను పాతిపెట్టుకోవడం నయం అని ఉత్తరం రాసింది, సైన్యం మీద మర్యాదస్తుల అభిప్రాయం అప్పట్లో అదే మరి. 1888లో 3వ డ్రగూన్ గార్డ్స్‌లో ఆఫీసర్ అయ్యాడు. యూనిఫాం తండ్రే కుట్టిపెట్టాడు. మెస్‌లో అందరూ వైన్ తాగుతుంటే ఈయన నీళ్ళు. జీతం కాస్త ఎక్కువని ఇండియా రావడం కలిసొచ్చింది, ఇక్కడ ఉర్దూ, హిందీ, పర్షియన్, పష్తో, పంజాబీ, గూర్ఖాలీ పరీక్షలు పాసయ్యాడు, భాష నేర్చుకుంటే సర్కారు డబ్బులిచ్చేది కూడా. 1915 చివర్లో మొత్తం బ్రిటిష్ సైన్యానికి అధిపతి, 1920లో ఫీల్డ్ మార్షల్. అట్టడుగు సిపాయిగా మొదలుపెట్టి ఆ సైన్యంలో ఆ మెట్టు దాకా ఎక్కినవాడు ఈయనొక్కడే. కాబట్టి దారి ఉందా అంటే ఉంది, ఒక్కడు పట్టేంత.

ప్రశ్న: కంటోన్మెంట్ పాత స్మశానంలో ఒక రాయి మీద హుస్సార్స్ రెజిమెంటు నంబరు, ప్రైవేట్ (మామూలు సిపాయి) అనే హోదా, వయసు 23 అని ఉంది. పేరు సగం చెరిగిపోయింది. వివరాలు దొరుకుతాయా?

దొరకొచ్చు, నంబరు ఉంది కాబట్టి సగం పని అయినట్టే. 1881లో కాల్బలం రెజిమెంట్ల నంబర్లు తీసేసి జిల్లాల పేర్లు పెట్టారు గానీ గుర్రపు దళాలకి పాత నంబర్లే ఉంచారు. 1861లో లైట్ డ్రగూన్స్ అన్నీ హుస్సార్స్ అయినా నంబరు మారలేదు.

చాలామంది ముందు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 అనే వరస వెతుకుతారు. ఎత్తు, కళ్ళ రంగు, పుట్టిన ఊరు, చేరకముందు చేసిన పని, తిన్న శిక్షలు అన్నీ ఉంటాయి కాబట్టి అది బంగారు గనే, కానీ అది డిశ్చార్జి అయి బయటికొచ్చినవాళ్ళది, 1882 దాకా అందులోనూ ముఖ్యంగా పింఛనుదారులది. మీరు చెప్పిన కుర్రాడు కొలువులోనే పోయాడు, కాబట్టి అందులో సాధారణంగా ఉండడు. మీరు చూడాల్సింది రెజిమెంట్ల మస్టర్ రోల్స్, అంటే హాజరు పట్టీలు, 1878 దాకా డబ్ల్యూఓ 12, ఆ తర్వాత 1898 దాకా డబ్ల్యూఓ 16, మూడేసి నెలలకి ఎవరు ఎక్కడున్నారు, ఎవరు ఎప్పుడు పోయారు అన్నీ రాసి ఉంటాయి. దానికంటే ముందు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఎన్2 వరస చూడండి, మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్ళు అవి, సికింద్రాబాద్ దళాలు మద్రాసు సైన్యం కిందే ఉండేవి కాబట్టి సమాధుల వివరాలు అక్కడికే వెళ్ళేవి. ఎఫ్ఐబీఐఎస్ (ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ) అనే సంఘం వాళ్ళు ఇలాంటి పేర్ల సూచికలు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు, ఇంటి నుంచే మొదలుపెట్టొచ్చు. సగం పేరు, రెజిమెంటు, ఏడాది ఉంటే చాలు.

రాయి మీద అక్షరాలు కనపడాలని సుద్దముక్కతో రుద్దడం, యాసిడ్‌తో కడగడం మాత్రం చేయకండి, మిగిలినవి కూడా పోతాయి. పొద్దున ఎండ ఏటవాలుగా పడే టైములో ఫోటో తీయండి, లేదా చీకటి పడ్డాక టార్చ్ పక్క నుంచి వేసి తీయండి. చెరిగిన అక్షరాలు నీడల్లో పైకి తేలతాయి. ఆ ఫోటో ఒక కాపీ మాకూ పంపండి.